వీధి తలుపు గడియ

అక్కా, వీధి తలుపుకి గడియ బిగించాను. లోపలికి రాగానే వేసుకో. కాస్త పట్టేస్తోంది, తలుపు దగ్గరికి నొక్కి తొయ్యి. ఇస్త్రీపెట్టె వైరు తెగింది, నేనొచ్చి బాగుచేస్తాను, ముట్టుకోకు.

నిన్న మన వీధిలో ఉండే ఆ తాగుబోతు తలుపు తంతుంటే, కాలుతున్న ఇస్త్రీపెట్టెని ప్లగ్గులోంచి పీక్కొచ్చి నువ్వు అడ్డం నిలబడ్డావు. నేను బాత్రూమ్‌లో దూరి పోలీసులకి ఫోన్ చేస్తూ కూర్చున్నాను. వాడు తిట్టుకుంటూ పోయాడు. నువ్వు వంట కూడా ముగించాక తీరిగ్గా వచ్చారు వాళ్లు.

“తమ్ముడున్నాడుగా, భయమెందుకమ్మా” అన్నారు.

“అవును, ఉన్నాడు” అన్నావు నువ్వు. అంతకంటే చెంప మీద ఒక్కటిచ్చినా బాగుండేది.

వాడు మళ్లీ వస్తే తలుపు దగ్గర నేనుంటాను. ఫోన్ నువ్వు చెయ్యి.

అన్నట్టు, గడియ కొత్తది కాదు. బాత్రూమ్ తలుపుది ఊడదీసి పెట్టాను. నిన్న నేను లోపల వేసుకున్నదే.