మైత్రి కలిపిన ముద్ద

శైలూ,

ఈ రోజు మన మైత్రిని థెరపీకి నేనే తీసుకెళ్లాను. తనంతట తాను తినడం నేర్పుతారట, తిండి ఇంటి నుంచే తెమ్మన్నారు. నువ్వుంటే పప్పన్నం కలిపి పట్టుకెళ్లేదానివి. నేనేమో ఇక్కడివాళ్ల ముందు చేత్తో తింటే ఏమనుకుంటారోనని మాకరోనీ, స్పూనూ తీసుకెళ్లాను. నవ్వకు.

పుట్టినప్పటి నుంచీ బిగుసుకుపోయే ఆ వేళ్లలో స్పూన్ నిలవలేదు. పడేసింది, మళ్లీ పడేసింది, ఆఖరికి మొహం తిప్పేసుకుంది. “వాళ్లమ్మ ఇంట్లో ఎలా తినిపించేది?” అని థెరపిస్ట్ డయానా అడిగింది.

ఆఫీస్‌కని కట్టుకున్న నా లంచ్‌బాక్స్ తెరిచాను. ముద్దపప్పు, అన్నం, నెయ్యి. నా వంటే కాబట్టి ఉప్పు తక్కువ. మైత్రి అందులో చెయ్యి పెట్టింది. వేళ్లు మెల్లగా విచ్చుకున్నాయి, మెల్లగా దగ్గరకొచ్చాయి. నేను సాయం చేయబోతే డయానా ఆపింది. “డోంట్ హెల్ప్ హర్, డాడ్. దిస్ ఈజ్ గుడ్!” అంది. చేతులు కట్టుకుని కూర్చున్నాను. వంకరటింకరగానే అయినా ముద్ద తయారైంది.

దానికి అన్నం పెట్టేటప్పుడల్లా దానికంటే ముందు నువ్వే నోరు తెరిచేదానివి, గుర్తుందా? “తినేది అదా, నువ్వా?” అని ఎంత ఏడిపించేవాడినో.

ముద్ద తన నోట్లో పెట్టుకుంటుందనుకున్నాను. కానీ ఆ చెయ్యి నా వైపు చాచింది.

“నాన్నా, ఓపెన్,” అంది.

నేను నోరు తెరిచేలోపే దాని నోరు తెరుచుకుంది.