కాలవ నీళ్ళ కాఫీ

సోమవారం, మే 1998

రొయ్యల చెరువుల వల్ల మా నూతులు ఉప్పబడిపోయాయని మూడేళ్ళుగా పెడుతున్న అర్జీలకు ఇవాళ ఆఫీసరుగారు వచ్చారు. సముద్రం పక్కన చెరువులు కూడదన్న రూలు ఎప్పుడో వచ్చింది. అది మా ఊరిదాకా రావడానికి ఇన్నాళ్ళు పట్టింది.

మన నూతి నీళ్ళతోనే కాఫీ పెడదామండీ, ఆయనకే తెలుస్తుంది అన్నాను. అత్తయ్యగారు ఒప్పుకోలేదు. "ఇంటికొచ్చినాయనకి ఉప్పు కాఫీ ఇస్తామేంటే? పరువు పోదూ?" అని, పొద్దున్నే నేను రెండు మైళ్ళు నడిచి తెచ్చిన కాలవ నీళ్ళతో పెట్టారు.

ఆయన తాగి, "కాఫీ బాగుందండీ. నీళ్ళు మరీ అంత ఉప్పగా ఏం లేవే!" అన్నారు. "ఆయ్" అన్నారు అత్తయ్యగారు, మెచ్చుకున్నందుకు పొంగిపోతూ. ఆయన ఫైల్లో ఏదో రాసుకుని, నూతి దాకా వెళ్ళకుండానే జీపెక్కారు. ఆవిడ ముఖం చిన్నబోతుందని నేను ఊరుకున్నాను. చెప్పాల్సింది.

కాపురానికొచ్చిన కొత్తలో ఆ నూతి నీళ్ళు తాగడానికే ఎండలో గబగబా ఇంటికి వచ్చేదాన్ని...

సాయంత్రం చూస్తే అత్తయ్యగారు చేద వేసి నీళ్ళు తోడి, దోసిట్లో పోసుకుని రుచి చూస్తున్నారు. నన్ను చూసి, "ఆయన బాగున్నాయన్నారు కదే" అన్నారు.