పన్నెండో ఆకు

జూన్ 3
కంప్యూటర్ మెషీనుతో చెక్క కోయడం నేర్పే సీఎన్‌సీ క్లాసులో చేరాను. యాభై రెండేళ్ళకు ఇదేం బుద్ధే అంది అమ్మ. కారణం ఆమె కుట్టుపెట్టే. మూత మీద నాన్న పొదిగిన తీగకు పన్నెండు ఆకులు. ఇల్లు మారేటప్పుడు చివరిది ఊడి ఎక్కడో పడిపోయింది. నాన్న పోయి తొమ్మిదేళ్ళు. ఆయన డబ్బాలో ఆ ఆకులు కోసిన నల్లచెక్క ముక్క ఒకటి మిగిలింది. రెండాకులకు సరిపోతుంది.

జూన్ 9
మూత స్కాన్ చేశాం. ఏ రెండాకులూ ఒకలా లేవు. సరిచేయాలా అని సాఫ్ట్‌వేర్ అడిగింది. నో కొట్టాను.

జూన్ 14, సాయంత్రం
నాన్న ఒక్కో ఆకూ అతికించి, ఆరాక ఉప్పుకాగితంతో రుద్ది, ఇన్‌స్పెక్టరుగారూ ఒకసారి దయచేయండి అని అమ్మను పిలిచేవాడు. ఆమె తడిచేయి తుడుచుకుని, కళ్ళు మూసుకుని, మూత మీద వేలు నడిపేది. అంచు తెలిస్తే తగిలింది అనేది. ఆయన ఆకు ఊడదీసేవాడు. ఒకరోజు నాలుగుసార్లు ఊడదీశాడు. నేను పక్కనే కూర్చుని లెక్కపెట్టాను.

జూన్ 17
మొదటి ఆకు పగిలింది. తప్పు నాదే. మూతలో ఆకు ఊడిన గుంట కొలతే కొత్త ఆకుకూ ఇచ్చాను. పైగా కాడ దగ్గరి సన్నని చీలికలోకి మెషీన్ కోతముల్లు, బిట్, దూరదు. అక్కడ గుండ్రంగా వచ్చింది. పట్టకపోతే సుత్తితో కొట్టాను. నాకన్నా ఇరవై ఏళ్ళు చిన్నవాడైన మాస్టారు తల పట్టుకున్నాడు. మెషీన్ చెప్పినంతే కోస్తుంది మేడమ్, కాస్త సర్దుకోవమ్మా అంటే సర్దుకోదు, ఆ సందేదో మనమే వదలాలి అన్నాడు.
ఇక ఒక్క ఆకుకే చెక్క ఉంది.

జూన్ 18
క్లాసుకు వెళ్ళలేదు.

జూన్ 23
పనికిరాని చెక్క మీద తొమ్మిది ఆకులు కోశాను. చుట్టూ మిల్లీమీటరులో పదోవంతు తగ్గిస్తే పడుతోంది. చీలిక మాత్రం నాన్న సన్నఉలితోనే తీయాలి. పిడి మీద ఆయన బొటనవేలు పెట్టీ పెట్టీ పడ్డ పల్లం ఉంది. అందులో నా వేలు వదులుగా కూర్చుంది.

జూన్ 24, మధ్యాహ్నం 12.40
పట్టింది.

జూన్ 26
ఇన్‌స్పెక్టరుగారిని పిలిచాను. అమ్మ నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, చేయి తుడుచుకుని, కళ్ళు మూసుకుంది. చివరి నుంచి మొదలుపెట్టింది. నా ఆకు మీదుగా వేలు ఆగకుండా వెళ్ళిపోయింది. ఏడో ఆకు దగ్గర ఆగింది. తగిలింది అంది. అది నాన్న చేసిందమ్మా అన్నాను. తెలుసులేవే, ఆ పూట భోజనం చల్లారిపోతోందని పాస్ చేసేశాను, ఆయనకు చెప్పలేదు అంది.

జూలై 1
ఏడో ఆకు సరిచేయనా అని అడిగాను. ముట్టుకున్నావంటే చెయ్యి విరుస్తా అంది.