నాణ్యత విభాగం, నారాయణమ్మ

చీపురుపల్లి,
9 మే 2016

బాబు ప్రదీప్‌కి,

కమలాదేవి రాస్తున్నది. ఇక్కడ అందరం బాగున్నాం. విజయనగరంలో నీ కంప్యూటర్ కొట్టు బాగా నడుస్తోందని తలుస్తాను.

నువ్వు పెట్టిచ్చిన ఈ-మెయిల్ చక్కగా పనిచేస్తోంది. అడ్రసులో కమలా తాండ్ర అని నా పేరే ఉండడం చూసి మా ఆయన రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. సొంత పేరుతో మెయిల్ లేనివాళ్ల సరుకు విశాఖపట్నంలో పెద్ద కొట్లవాళ్లు తీసుకోరని మా సరుకు కొనే బొబ్బిలి వ్యాపారి ధనరాజ్ గారు చెప్పబట్టి గానీ, ఇంట్లో మామిడి తాండ్ర పోసుకునేదాన్ని, నాకెందుకివన్నీ.

ఇప్పుడొచ్చిన చిక్కేమిటంటే, ఆ ధనరాజ్ గారే నిన్న ఫోన్ చేసి సరుకు వద్దన్నారు. మా ఇంటి నుంచే ఆయనకి మెయిల్ వెళ్లిందట. ఫోన్లో చదివి వినిపించారు: "నాలుగో పొర ఆరకముందే అయిదో పొర పోసేసినాది. లోపలంతా పచ్చిగున్నాది. తీసుకోకు నాయినా." కింద సంతకం, నారాయణమ్మ, నాణ్యత విభాగం.

నారాయణమ్మ మా అత్తగారు. ఆవిడకి అక్షరం ముక్క రాదు, వేలిముద్రే. ఇది ఎవరి పనో కనిపెట్టి చెప్పు. ఈ సరుకు ఆయన తీసుకోకపోతే ఈ ఏడు నా తాండ్ర చీమల పాలే.

ఇట్లు,
కమలాదేవి

తా.క. మెయిల్‌లో రాస్తే ఎవరు చదువుతారో తెలియక పోస్టులో పంపుతున్నాను.


విజయనగరం,
13 మే 2016

గౌరవనీయులైన కమలాదేవి గారికి,

ప్రదీప్ నమస్కారాలు. ధనరాజ్ గారిని అడిగి ఆ మెయిల్ తెప్పించుకుని చూశాను. అది మీ కమలా తాండ్ర అడ్రసులోంచే, నారాయణమ్మ గారి పేరుతో వెళ్లింది. బయటివాళ్ల పనిలా లేదు.

వ్యాపారంలో ఉన్నవాళ్లందరి పేర్లూ, ఎవరేం చేస్తారో రాయమని నేను ఫారం పంపితే, మొదటి వరసలో మీరే రాశారు: "నారాయణమ్మ, పని: రుచి చూడడం." దాన్నే నేను నాణ్యత విభాగం అన్నాను. ఆవిడ తన పని తాను చేస్తున్నారు. ఈ రోజుల్లో పెద్దవాళ్లు ఫోన్లో మాట చెబితే అదే అక్షరాలు రాసి పెడుతోంది, చదువు రానక్కర్లేదు.

చిన్నవాణ్ణి, చెప్పకూడదు గానీ, మా ఇంట్లోనూ అమ్మకీ నాన్నమ్మకీ ఇవే గొడవలు. ఆవిడ పక్కన కాసేపు కూర్చోండి. మంచి మాటలు చెప్పండి. కాళ్లు పట్టండి. పెద్దవాళ్ల కోపం ఎంతసేపండి.

ఇట్లు,
ప్రదీప్

తా.క. నిన్న ఆవిడ నాకూ రాశారు. "ఏటి బాబూ, మీ ఇంటిపేరేటి? పెళ్లయినాదా?" అని. మర్యాదగా ఇంటిపేరు చెప్పి, ఇంకా కాలేదండి అని జవాబిచ్చాను. రెండు నిమిషాల్లో "మంచిది" అని వచ్చింది. ఆ వయసులో ఆ చురుకు చూసి ముచ్చటేసింది.


చీపురుపల్లి,
16 మే 2016

బాబు ప్రదీప్‌కి,

కాళ్లు పట్టమని రాశావు. ఎవరి కాళ్లు పట్టను నాయనా. మా అత్తగారు పోయి తొమ్మిదేళ్లయింది. నడవలో గోడ మీద దండ వేసిన ఫోటో ఉంది, అందులో కాళ్లు పడలేదు.

నీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచి నాకు అన్నం సహించడం లేదు. ఎందుకో చెబుతాను. ఆ మెయిల్‌లో ఉన్నది నిజం. ఆ రోజు మబ్బు పట్టింది. వాన పడితే చాపల మీద పోసిన రసమంతా పోతుందని కంగారుపడి, నాలుగో పొర చేతికి అంటుతూ ఉండగానే అయిదోది పోసేశాను. మా ఆయన రైల్వే స్టేషన్‌కి వెళ్లారు, అమ్మాయి అనూరాధ పరీక్షకి వెళ్లింది. డాబా మీద నేనొక్కదాన్నే ఉన్నాను. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఆవిడ చేతి కింద పదిహేడేళ్లు తాండ్ర పోశాను. ఒక్కనాడు బాగుందన్న మాట ఆ నోట రాలేదు. ముక్క నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని, "ఊఁ" అనేవారు. ఆ ఊఁకి అర్థం వెతుక్కుంటూనే నా జుట్టు నెరిసింది. ఆవిడ పోయాక కూడా నారాయణమ్మ తాండ్ర అనే అమ్మాను. ఈ ఏడే మొదటిసారి నా పేరు పెట్టుకున్నాను. అది కూడా ఆవిడకి గిట్టలేదు కాబోలు.

ఆవిడ మెయిల్ పెట్టె మూసెయ్యి. నీకు పుణ్యముంటుంది.

ఇట్లు,
కమలాదేవి

తా.క. పాస్‌వర్డుల చీటీ ఎవరూ ముట్టుకోని చోట దాచమన్నావని ఆవిడ ఫోటో వెనకే దోపాను. నాదే బుద్ధి తక్కువ.


విజయనగరం,
20 మే 2016

గౌరవనీయులైన కమలాదేవి గారికి,

ప్రదీప్ నమస్కారాలు. మీ ఉత్తరం కొట్లో నిలబడే చదివి, తర్వాత కూర్చున్నాను.

ఆ మెయిల్ బాక్స్ మూసేశాను. దానికి ఒక మెయిల్ పంపి చూశాను, అలాంటి అడ్రసు లేదని తిరిగొచ్చింది. ఇక అటు నుంచి ఏదీ రాదు. ధైర్యంగా ఉండండి. ఎవరో మీ డాబా పక్కనుంచి చూసి ఆకతాయితనం చేసి ఉంటారు.

ఒక్కటి మాత్రం నాకు అర్థం కాలేదు. పోయినవారి పేరు ఫారంలో మొదటి వరసలో ఎందుకు రాశారండి?

ఇట్లు,
ప్రదీప్

తా.క. మూసే ముందు ఆవిడ దగ్గర్నుంచి ఇంకొకటి వచ్చింది. "మా మనవరాలు డిగ్రీ సదివినాది. పిల్ల నెమ్మది. తాండ్ర పొయ్యడం రాదు, నేర్చుకుంటాది" అని. దీనికి నేను జవాబివ్వలేదండి, నా తప్పేం లేదు.


చీపురుపల్లి,
2 జూన్ 2016

బాబు ప్రదీప్‌కి,

ఆవిడ పేరు ఎందుకు రాశానని అడిగావు. మా ఇంట్లో ఏది మొదలుపెట్టినా మొదటి వరస ఆవిడది. ఏటా తాండ్ర కొయ్యగానే మొదటి ముక్క ఆవిడ ఫోటో ముందు పెడతాం. సాయంత్రం దాకా అక్కడే ఉంటుంది. తర్వాతే సరుకు గడప దాటుతుంది. ఫారం కనబడగానే చెయ్యి దానంతటదే ఆవిడ పేరు రాసింది.

ఇప్పుడు అసలు మాట చెబుతాను, మా ఆయనకి కూడా చెప్పలేదు. ఈసారి ఆ ముక్క పెట్టలేదు. నా పేరుతో పోయే సరుకుకి ఆవిడ ఊఁ ఎందుకని, కోసిన వెంటనే మచ్చు పొట్లం బొబ్బిలికి పంపేశాను. పంతమే అనుకో.

నీ ఉత్తరం వచ్చాక ఆ సరుకు తీసి పక్కన పెట్టి, మళ్లీ కొత్తగా పోశాను. ఏడు పొరలు. ఒక్కో పొరకీ నిండు ఎండ. మొన్న మొదటి ముక్క కోసి ఫోటో ముందు పెట్టి, "చూడండి అత్తయ్యా, ఇంతకంటే నాకు రాదు" అన్నాను. అంటుంటే ఏడుపొచ్చింది.

సాయంత్రం వెళ్లి చూస్తే ముక్క ఒక పక్క తరిగి ఉంది. ఎలుక అన్నారు మా ఆయన. ఎలుక కొరికితే పంటి గాట్లుంటాయి కదా. ఇది చప్పరించినట్టు నున్నగా ఉంది. మా అత్తగారికి చివరి రోజుల్లో ఒక్క పన్నూ లేదు.

ఆ మర్నాడే ధనరాజ్ గారు ఫోన్ చేశారు. మళ్లీ మెయిల్ వచ్చిందట. "సరుకు తీసుకో నాయినా. మా కోడలు ఈపాలి బాగా పోసినాది." ఆయన మొత్తం పంపమన్నారు. బాగా పోసిందట, ప్రదీప్. ఆ మాట రెండుసార్లు చదివించుకున్నాను.

పెట్టె మూసేశానన్నావు. మరి ఎలా వచ్చింది? నువ్వు మూయడం మరిచిపోయినా నాకు కోపం లేదు. దాన్ని అలాగే ఉండనియ్యి.

ఇట్లు,
కమలాదేవి

తా.క. నీ రుణం ఉంచుకోకూడదని నిన్న దించిన కొత్త చాపలోంచి ఒక పొట్లం కోసి కొరియర్లో పంపుతున్నాను. బండి వేళవుతోందని హడావుడిగా కట్టాను. తిని ఎలా ఉందో రాయి.


విజయనగరం,
7 జూన్ 2016

గౌరవనీయులైన కమలాదేవి గారికి,

ప్రదీప్ నమస్కారాలు. పోయిన ఉత్తరంలో మీకొక అబద్ధం రాశాను, క్షమించండి.

నేను ఏ పెట్టే మూయలేదు. మూద్దామని వెళ్తే అక్కడ మూయడానికి ఏమీ లేదు. మీరు తీసుకున్నది ముగ్గురికి సరిపడే మెయిల్ పథకం. ఫారంలో నాలుగు పేర్లున్నాయి. నేను కింది నుంచి మొదలుపెట్టి అనూరాధ గారికి, మీవారు జగన్నాధం గారికి, మీకు ఇచ్చేసరికి అయిపోయింది. మీ అత్తగారి పేరుతో అడ్రసు పుట్టనే లేదు. మీకు పంపిన చీటీలో పాస్‌వర్డులు మూడే ఉంటాయి, ఫోటో వెనక నుంచి తీసి చూసుకోండి. మీరు భయపడతారని మూసేశానని రాశాను. నిజానికి నేనే భయపడ్డాను.

ధనరాజ్ గారికీ నాకూ వచ్చినవి ఎక్కణ్ణుంచి వచ్చాయో నా చదువుకి అందలేదు. అందుకని ఉండనివ్వడానికీ, తీసెయ్యడానికీ నా చేతిలో ఏమీ లేదండి.

పొట్లం అందింది. ఇంకా విప్పలేదు. ఎందుకో తా.క.లో చూడండి.

ఆదివారం పొద్దున్న పాసింజరుకి మా అమ్మతో కలిసి మీ ఇంటికి వస్తున్నాను. మీరు పిలవలేదని తెలుసు. రాకుండా ఉండే ధైర్యం మాకు లేదు.

ఇట్లు,
ప్రదీప్

తా.క. ఈ ఉదయం వచ్చిన మెయిల్ ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "బాబూ, ఆ పొట్లం ఇప్పకు. కమల నాకు సూపించకుండా పంపేసినాది. ఆదోరం పిల్లని సూడ్డానికొస్తావు కదా, అప్పుడు తెచ్చి నా ముందర ఎట్టు. మీ యమ్మని కూడా తే."