ఆకుపచ్చ కారు పొగ లెక్క

థార్న్‌బెక్, యార్క్‌షైర్
జనవరి 6, 2025

రోడ్డు పన్ను కార్యాలయం వారికి,

అయ్యా,

నా పేరు హెస్టర్ మెట్‌కాఫ్. వయసు డెబ్బై నాలుగు. పెళ్ళి చేసుకోలేదు, ఆ సంగతి మీకు అక్కర్లేదనుకోండి. నిరుడు వసంతంలో మా అన్నయ్య ఆంబ్రోజ్ పోతూ పోతూ తన స్పోర్ట్స్ కారు నాకు రాసిపెట్టాడు. ఆకుపచ్చది, రెండే సీట్లు, 1985 మేలో రిజిస్టరైంది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నన్ను దాని స్టీరింగు ముట్టుకోనివ్వలేదు. తుడవడానికి మాత్రం పిలిచేవాడు. డ్రైవింగు పరీక్ష ఈ నలభై ఏళ్ళలో పదిసార్లు తప్పి, పదకొండోసారి, అన్నయ్య పోయిన నాలుగు నెలలకు పాసయ్యాను. ఆ కారు నేనే నడుపుకుంటూ ఒక్కసారి సముద్రం దాకా వెళ్ళాలని నా కోరిక.

మీ పన్ను చూస్తే గుండె గుభేలుమంది. నా పింఛనుతో ఇల్లు వెచ్చబెట్టుకోవాలా, కారుకు పన్ను కట్టాలా? మా చెల్లెలి కొడుకు గారెత్ "అమ్మేయ్ పెద్దమ్మా, పీడా పోతుంది" అంటూ కొనేవాణ్ణి కూడా చూసిపెట్టాడు. ఆయన ఏప్రిల్ 5న వస్తున్నాడు. ఈలోగా పన్ను సంగతి తేలకపోతే అమ్మేస్తానని మాటిచ్చాను.

పొగ తక్కువైతే పన్ను తక్కువని పేపర్లో చదివాను. మా కారు ఆరేళ్ళుగా షెడ్డు దాటలేదు. అంటే ఆరేళ్ళుగా అది వదిలిన పొగ సున్నా. ఈ మంచి నడవడిని లెక్కలోకి తీసుకుని పన్ను తగ్గించగలరు.

భవదీయురాలు,
హెస్టర్ మెట్‌కాఫ్

తా.క. ఆ ఆరేళ్ళలో కారు డిక్కీలో పిల్లి రెండుసార్లు ఈనింది. ఆ వాసన పొగ కింద రాదని మా ఊరి మెకానిక్ థ్వైట్ అంటున్నాడు.

---

జనవరి 20

మిస్ మెట్‌కాఫ్ గారికి,

మీ ఉత్తరం అందింది. కిలోమీటరుకు ఎన్ని గ్రాముల బొగ్గుపులుసు వాయువు వదులుతుందో చూసి పన్ను వేయడం 2001 తర్వాత వచ్చిన కార్లకే. అంతకు ముందువాటికి ఇంజిన్ సైజును బట్టి పన్ను. మీ కారుకు గ్రాముల అంకె మా రికార్డుల్లో లేదు. కదలకుండా కూర్చున్నందుకు కారును మెచ్చుకునే నిబంధన కూడా లేదు.

కారు తయారుచేసిన వారి పేరు, ఊరు తెలపగలరు.

ఇట్లు,
ఇద్రిస్ ప్రోబర్ట్
ఉత్తరాల విభాగం

తా.క. పిల్లి విషయంలో థ్వైట్ గారి అభిప్రాయంతో కార్యాలయం ఏకీభవిస్తోంది.

---

ఫిబ్రవరి 3

ప్రోబర్ట్ గారికి,

గ్రాముల అంకె మీ దగ్గర లేదన్నారు. పాపం, మీరు మాత్రం ఎక్కణ్ణుంచి తెస్తారు? అందుకని మేమే తయారుచేశాం.

సొంత నేల మీద పన్ను అడిగేవాడు లేడు కదా, మా కోళ్ళగూడు చుట్టూ కారుతో ముప్ఫై ఒక్క ప్రదక్షిణలు చేశాను. సరిగ్గా కిలోమీటరు. థ్వైట్ వెనక పరుగెత్తుతూ పొగగొట్టానికి బుడగలు తొడిగాడు. మా ఊరి పూల, కూరగాయల, కేకుల పోటీల న్యాయనిర్ణేతలు ముగ్గురూ వచ్చి కేకులు తూచే త్రాసులో వాటిని తూచారు. ఖాళీ బుడగ మూడు గ్రాములు. పొగ నిండిన బుడగా మూడు గ్రాములే! అంటే పొగ బరువు సున్నా. పాదిరి గారు సాక్షి సంతకం పెట్టారు. ఈ ముగ్గురూ గుమ్మడికాయ బరువులో అర ఔన్సు తేడా వచ్చిందని సొంత బావమరిది బహుమతి లాగేసుకున్న మనుషులు, అబద్ధమాడరు.

ఇక ఇంజిన్ సైజంటారా, గిన్నె పెద్దదైనంత మాత్రాన సూపు నిండా కాస్తామా?

కారు చేసినవాళ్ళు కెండల్ దగ్గర చిన్న వర్క్‌షాపువాళ్ళు. 1991లో మూసేశారు.

భవదీయురాలు,
హెస్టర్ మెట్‌కాఫ్

తా.క. దీంతోపాటు అల్లం కేకు పంపుతున్నాను. ఇది లంచం కాదు. లంచమైతే పైన జీడిపప్పు వేసేదాన్ని.

---

ఫిబ్రవరి 17

మిస్ మెట్‌కాఫ్ గారికి,

బుడగల పద్ధతిని ప్రభుత్వం ఇంకా గుర్తించలేదు. గాలిలో తూచిన గాలికి బరువు కనిపించదని మా పై అధికారి రెండుసార్లు వివరించారు. మొదటిసారి నవ్వు ఆపుకోలేక మధ్యలో మానేశారు.

కారు చట్రం మీద చెక్కిన నంబరును కాగితం అద్ది పెన్సిలుతో రుద్ది పంపండి. వర్క్‌షాపులో అప్పట్లో మేస్త్రీ ఎవరో గుర్తుందా? పాత బిల్లులేమైనా ఉన్నాయా?

ఇట్లు,
ఇద్రిస్ ప్రోబర్ట్

తా.క. ప్రభుత్వోద్యోగులు కానుకలు పుచ్చుకోరాదు. కేకును తిప్పి పంపుతున్నాం. తగ్గిన భాగం తనిఖీలో పోయింది.

---

మార్చి 3

ప్రోబర్ట్ గారికి,

నంబరు రుద్ది పంపుతున్నాను. కారు కిందికి దూరడం తేలికే, బయటికి లాగడానికి థ్వైట్‌తో పాటు పాదిరి గారు కూడా రావలసి వచ్చింది. మేస్త్రీ పేరు స్లాక్ అనుకుంటాను. బిల్లులతో అన్నయ్య పైపు ముట్టించుకునేవాడు. అయినా ఇవన్నీ మీకెందుకండీ? పన్ను అడిగితే కారు జాతకం అడుగుతున్నారు!

మీకో కబురు. ముందుగా సమయం తీసుకుని పరీక్ష చేయించడానికైతే, పన్ను లేని కారునైనా రోడ్డు మీద నడుపుకుపోవచ్చని థ్వైట్ చట్టం చూపించాడు. అందుకని ఏటేటా చేయించే పొగ పరీక్షకు మార్చి 22న సమయం తీసుకున్నాను. విట్‌బీలో. సముద్రం ఒడ్డునే ఉందట ఆ గ్యారేజీ. ఇక్కణ్ణుంచి ఎనభై మైళ్ళు.

భవదీయురాలు,
హెస్టర్ మెట్‌కాఫ్

తా.క. దారిలో గ్యారేజీలు పద్నాలుగున్నాయని గారెత్ లెక్కపెట్టి చెప్పాడు. వాటిలో ఒక్కటీ నాకు నచ్చలేదు.

---

మార్చి 10

మిస్ మెట్‌కాఫ్ గారికి,

దయచేసి వెళ్ళకండి. చట్టం దగ్గర్లోని పరీక్ష కోసం పెట్టింది, సముద్రస్నానం కోసం కాదు. పోలీసులు ఆపితే మీకు కారూ దక్కదు, లైసెన్సూ దక్కదు. పదకొండు పరీక్షలు మళ్ళీ మొదలవుతాయి.

మీ దరఖాస్తు ఇంకా పరిశీలనలో ఉంది. కొంచెం ఓపిక పట్టండి.

ఇట్లు,
ఇద్రిస్ ప్రోబర్ట్

తా.క. మీ అన్నగారు ఎంత పొడుగు?

---

మార్చి 24

ప్రోబర్ట్ గారూ,

మా అన్న పొడుగెంతా! ఆరడుగుల రెండంగుళాలు. శవపేటిక చేసిన వడ్రంగి దగ్గర రసీదు కూడా తెచ్చివ్వనా?

మీ మాట విని విట్‌బీ మానుకున్నాను. రెండున్నర నెలలుగా మీరు అడిగిందల్లా పంపాను. మీరు కాలయాపన చేస్తున్నారని గారెత్ మొదటి నుంచీ చెబుతూనే ఉన్నాడు. నేనే మిమ్మల్ని వెనకేసుకొచ్చాను. నాకు చాలా బాధగా ఉంది. పన్ను గురించి కాదు. అన్నయ్య ఉన్నప్పుడు నన్నెప్పుడూ లెక్కచెయ్యలేదు. చివరికి కారు రాసిచ్చాడు కదా, దాన్ని నడిపితేనన్నా నేనూ ఒక మనిషినేనని అనిపిస్తుందనుకున్నాను. ఇక చాలు. 5న కొనేవాడు రాగానే తాళాలు ఇచ్చేస్తాను.

హెస్టర్ మెట్‌కాఫ్

తా.క. ఈసారి కేకు లేదు.

---

ఏప్రిల్ 1

మిస్ మెట్‌కాఫ్ గారికి,

ఈ తేదీ చూసి వేళాకోళమనుకోకండి. తాళాలు ఎవరికీ ఇవ్వకండి. మీ కారుకు నేటి నుంచి పన్ను లేదు, ఏటేటా పరీక్ష కూడా లేదు.

నలభై ఏళ్ళు దాటిన కారు ఎంత పొగ వదిలినా, ఇంజిన్ ఎంతైనా, పన్ను సున్నా. 1985కు ముందు తయారైన కార్లకు ఈ రోజుతో ఆ యోగం పట్టింది. మీది రిజిస్టరైంది 1985లో. అలాగైతే మరో ఏడాది ఆగాలి, ఏప్రిల్ 5 దాటిపోతుంది. కానీ చిన్న వర్క్‌షాపుల్లో కారు తయారయ్యాక నెలల తరబడి ఉండిపోవడం మామూలే. మీది 1984లోనే తయారై ఉండొచ్చని మొదటి ఉత్తరం చదివినప్పుడే అనుమానం వచ్చింది. రుజువు లేకుండా చెప్పి మీకు ఆశపెట్టడం, తర్వాత కాదనడం నాకు చేతకాలేదు. అందుకే అన్ని ప్రశ్నలు. మిమ్మల్ని బాధపెట్టినందుకు క్షమించండి.

స్లాక్ గారు దొరికారు. ఎనభై ఎనిమిదేళ్ళు, కూతురి దగ్గర ఉంటున్నారు. ఆకుపచ్చ కారు కొన్నాయన బాగా పొడుగని మాత్రమే ఆయనకు మొదట గుర్తొచ్చింది, అందుకే మీ అన్నగారి పొడుగు అడిగాను. పనుల పుస్తకాలన్నీ మంచం కింద దాచుకున్నారు. మీరు రుద్ది పంపిన నంబరు, పదిహేడు, ఉన్న పేజీని ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

"డిసెంబరు 14, 1984. పదిహేడో కారు, ఆకుపచ్చది, పూర్తయింది. మెట్‌కాఫ్ గారు మళ్ళీ వచ్చి పెడళ్ళు మూడంగుళాలు దగ్గరికి జరిపించారు. మీ కాళ్ళకు ఇరుకవుతుందండీ అంటే, నాకు కాదయ్యా, మా చెల్లి హెస్టర్‌కి, అది పొట్టిది అన్నారు. దాని డ్రైవింగు పరీక్ష అయ్యాక ఇద్దరం కలిసి వచ్చి తీసుకెళ్తాం, అందాకా ఇక్కడే ఉండనీ అన్నారు."

దాని కింద ఇంకో సిరాతో:

"మే 9. మెట్‌కాఫ్ గారు ఒక్కరే వచ్చారు. చెల్లెలు తప్పిందట. పెడళ్ళు వెనక్కి జరపమంటారా అని అడిగాం. వద్దు, మళ్ళీ పరీక్షకు వెళ్తుంది అన్నారు."

ఆరడుగుల రెండంగుళాల మనిషి అన్నేళ్ళూ ఆ పెడళ్ళతోనే నడిపారు, మిస్ మెట్‌కాఫ్.

ఇట్లు,
మీ ఇద్రిస్ ప్రోబర్ట్

తా.క. పన్ను సున్నా అయినా ఏటా దరఖాస్తు మాత్రం పెట్టుకోవాలి. ఇంట్లో కూర్చునే కంప్యూటరులో రెండు నిమిషాల్లో పెట్టుకోవచ్చు. ఉత్తరం రాసినా తీసుకుంటాం. ఉత్తరమైతేనే నాకు బాగుంటుంది.