అత్తయ్య చేతిలో దయ్యం నవల

తెనాలి,
శనివారం.

సుష్మా,

రేపల్లె నుంచి నువ్వు తెచ్చిచ్చిన ఆ దయ్యం డిటెక్టివ్ నవల చదివి మా అత్తయ్య నా ప్రాణం తోడేస్తోంది. అందులో దయ్యం చాలా మంచిదట, వంటింట్లో కబుర్లు చెబుతూనే హంతకుణ్ణి పట్టిస్తుందట. మొన్న పక్కింటి నాగవేణిగారి కోడిపెట్ట కనబడకపోతే, ఈవిడ వీధిలో ఇంటింటికీ వెళ్లి, "నిన్న సాయంత్రం మీరెక్కడున్నారండి?" అని అడిగింది. అందరికీ సర్దిచెప్పలేక చచ్చాను.

ఈరోజు పుస్తకం లాక్కుందామనే వెళ్లాను. మామయ్య కన్నుమూసిన గదిలో, ఆయన మంచం మీద కూర్చుని చదువుతోంది. భయంతో ఐదు నెలలుగా ఆ గడప తొక్కని మనిషి.

"భయం వెయ్యట్లేదా అత్తయ్యా?" అన్నాను.

"దయ్యమైతే మాత్రం ఏంటి, మన మనిషేగా," అంది తలెత్తకుండా.

విసుగ్గానే అడుగుతున్నాను, అలాంటివి ఇంకో రెండు పంపు.

మీ అక్క