జ్యోత్స్న పొడుగు ప్రార్థన

నవంబర్ 2, ఆదివారం

తమ్ముడు దేవేందర్ కూతురు జ్యోత్స్న నా దగ్గర ఉండబట్టి ఐదు నెలలు. నాలుగో తరగతి. తమ్ముడికి భూపాలపల్లి బొగ్గు గనిలో డంపర్ లారీ నడిపే డ్యూటీ. మరదలు రజిత అక్కడే బట్టలు కుడుతుంది. ఇక్కడ మానుకోటలో బడి బాగుంటుందని పిల్లను నాకు అప్పగించారు.

ఈ రోజు మందిరంలో పాస్టరు అయ్యగారి ప్రార్థన చాలా సాగింది. పిల్లలంతా ఒక కన్ను తెరిచి గుమ్మం వైపు చూస్తున్నారు. జ్యోత్స్న తెరవలేదు. ఆమెన్ తర్వాత కూడా కాసేపు అలాగే ఉంది. పాస్టరమ్మ చూసింది. మార్తక్కా, నీ మేనకోడలు అచ్చం నీ లెక్కనే తయారైతాంది అంది.

గర్వం వచ్చింది. ప్రభువా, క్షమించు.

నవంబర్ 5

టాబ్‌లో ఎంట్రెన్స్ క్లాస్, సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా. గురుకులం సీటు కోసం. టాబ్ దేవేందర్ కొని పంపాడు. క్లాస్ కాగానే పిల్ల తనే వచ్చి, అత్తా, ప్రార్థన చేసుకుందమా అంటుంది. నేను ఒక్కనాడూ అడగలేదు. ఆ వయసులో నన్ను మా అవ్వ చెవి పట్టుకొని కూర్చోబెట్టేది.

నవంబర్ 9, ఆదివారం

అయ్యగారు జ్యోత్స్నను ముందు నిలబెట్టి, ఈ పాపను చూసి నేర్చుకోండి అన్నారు. క్రిస్మస్ నాడు మొదటి ప్రార్థన తనదేనట. దీక్షిత అనే గడుగ్గాయి వెనక నుంచి, అది ప్రార్థన కాదయ్యగారూ, నిద్రవోతది అంది. వాళ్ళమ్మ మొట్టికాయ వేసింది. అందరూ నవ్వారు. జ్యోత్స్న నవ్వలేదు.

దేవేందర్‌కు ఫోన్‌లో చెప్పాను. మురిసిపోయాడు. ఎంట్రెన్స్‌కు గూడ జర ప్రార్థన జెయ్యమనక్కా అన్నాడు.

నవంబర్ 12

ఈ రోజు ప్రార్థన ఇరవై నిమిషాలు. నేను లేచాక కూడా తను మోకాళ్ళ మీదే. అరచేతులు కళ్ళకు గట్టిగా ఒత్తుకుంది. కంటి కొసన తడి. నేను కదలలేదు. దేవుని సన్నిధి అనుకున్నాను.

నవంబర్ 14

తల నొస్తుందంది. నూనె పెట్టాను. అన్నం సగం వదిలేస్తే నొయ్యక ఏం చేస్తదన్నాను.

నవంబర్ 17

బడి టీచర్ ఫోన్ చేసింది. బోర్డు మీది ఎనిమిదిని మూడని రాసుకుంటోందట. దేవేందర్‌కు చెప్పాను. ధ్యాస లేదక్కా దానికి, రేపటి సంది టాబ్‌ల ఏడు తర్వాతి అర్ధగంట క్లాస్ గూడ పెట్టు అన్నాడు. సరే అన్నాను. అమ్మ పోయినప్పటి నుంచి వాణ్ణి నేనే పెంచాను. ఒక్కసారి కూడా కాదని చెప్పింది లేదు.

నవంబర్ 18, సాయంత్రం

ఏడున్నరకు క్లాస్ అయింది. పిల్ల వచ్చి ఏమీ అనకుండానే మోకరించింది. చాలాసేపు చూసి, అంతసేపు ప్రభువుతో ఏం మాట్లాడతావు తల్లీ అని అడిగాను. ముచ్చటపడి అడిగాను.

కళ్ళు తెరవకుండానే చెప్పింది. ఏం మాట్లాడనత్తా. ఊకెనే మూసుకుంట. మూస్తె మండవు.

క్లాసులో మండితే అక్కడే మూసుకోవచ్చు కదా అన్నాను. సారుకు కనవడ్తది, పేరు వెట్టి పిలుస్తడు, ప్రార్థనల అయితె ఎవ్వలేమనరు అంది. తర్వాత ఏడ్చింది. అయ్యగారికి చెప్పకత్తా, అందరు నన్ను మంచిదాన్నన్నరు అంది.

ఒళ్ళోకి తీసుకున్నాను. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రోజూ అలాగే ఉండి ఉంటాయి. ఇన్నాళ్ళూ నేను పిల్ల చేతులు చూశాను, మోకాళ్ళు చూశాను. కళ్ళు చూడలేదు.

నవంబర్ 19

మోకరించాను. కళ్ళు మూయడానికి సిగ్గేసింది.

నవంబర్ 20

కంటి దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరమ్మ చిన్న వయసుది, ఓపిక గలది. చిన్న నంబర్ ఉంది, అద్దాలు రాసింది. అసలు బాధ అలసట అంది. స్క్రీన్ చూస్తున్నంతసేపు పిల్లలు రెప్ప వేయడం మరిచిపోతారట, కన్ను ఎండిపోతుందట. ఇరవై నిమిషాలకోసారి దూరంగా చూడాలి. రోజూ ఎండపూట బయట ఆడాలి.

మా పిల్లకే ఎందుకొచ్చిందమ్మా అన్నాను. మీ పిల్లకేనా పెద్దమ్మా, బయట బెంచీ మీద చూడుండ్రి అంది. చూశాను. ఏడుగురు పిల్లలు. చెప్పరు పెద్దమ్మా, అందరి కండ్లు గిట్లనే ఉంటయనుకుంటరు అంది.

సాయంత్రం టాబ్ తెరవలేదు. దేవేందర్ ఫోన్. పరీక్ష మూడు నెలలే ఉందక్కా, నా లెక్క దుమ్ముల సావాల్నా అది అన్నాడు. క్లాస్ తగ్గించాలన్నాను. వీల్లేదన్నాడు. అయితే నేను కూర్చోబెట్టనన్నాను.

ఫోన్ పెట్టేశాడు.

నవంబర్ 21

రజిత ఫోన్. వదినా, ఆయన ఆదివారం వస్తుండు, పిల్లను తోలుకొస్త అంటుండు, నా మాట ఇంటలేడు అంది.

జ్యోత్స్న బట్టలు మడత పెట్టాను.

నవంబర్ 23, ఆదివారం, మధ్యాహ్నం

పొద్దున పాస్టరమ్మకు జరిగింది చెప్పేశాను. పిల్లది తప్పు లేదు, పొగరు నాదన్నాను. ఆమె నవ్వి, అక్కా, మా ఆయన ప్రార్థన మొదలు వెడితె నేనుగూడ గట్లనే మూసుకుంట, ఎవ్వలకన్న చెప్పిననా అంది. మనసు తేలికైంది.

ఆరాధనకు ముందు పిల్లలకు సండే స్కూల్ చెప్పేది నేనే. పద్నాలుగు మంది. ఎవరికైనా కళ్ళు మండుతాయా అని అడిగాను. ఒక్కరూ పలకలేదు. జ్యోత్స్న నేల చూస్తోంది.

మా మందిరం కూడికల్లో ఒక పద్ధతి ఉంది. పైకి చెప్పుకోలేని సంగతి ఉంటే అందరినీ కళ్ళు మూసుకోమంటారు. ఉన్నవాళ్ళు చెయ్యెత్తుతారు. అదే చేశాను. కండ్లు మూసుకోండి బిడ్డా, మండేటోళ్ళు, తల నొచ్చేటోళ్ళు చెయ్యెత్తండి, ఎవ్వలు చూడరు అన్నాను.

ఒక చెయ్యి లేచింది. రెండు. తొమ్మిది మంది. వాళ్ళలో దీక్షిత రెండు చేతులూ ఎత్తింది.

ఎవరూ చూడరన్న మాట నేనే తప్పాను. జ్యోత్స్న దగ్గరికి పోయి చెంప తాకాను. కళ్ళు తెరిచింది. చేతులన్నీ చూసింది. ఒకటొకటిగా లెక్కపెట్టి, తనది కూడా ఎత్తింది.

తల తిప్పితే గుమ్మంలో దేవేందర్. మొదటి బస్సుకు వచ్చినట్టున్నాడు. ఎప్పటి నుంచి నిలబడ్డాడో. చెప్పులు కూడా విప్పలేదు.

పిల్లను వెలుతురులోకి తీసుకుపోయి గడ్డం పట్టి కళ్ళలోకి చూశాడు. నాకెందుకు జెప్పలేదు బిడ్డా అన్నాడు. టాబ్ నువ్వే కొన్నవ్ గద నాయినా అంది.

వాడు మెట్టు మీద కూర్చుండిపోయాడు.

అన్నం తినేటప్పుడు చెప్పాడు. టాబ్‌లో క్లాస్ రోజుకు అర్ధగంట చాలట. మిగతా లెక్కలు కాయితం మీద చేయించమన్నాడు, ప్రతి వారం తన సెలవు రోజున తనే వచ్చి చూస్తాడట. సీటు రాకపోతే అని నేను అడగలేదు. రాకుంటె రాకపాయె అని వాడే అన్నాడు. నీకు కాదనుడు గూడ వస్తదని నాకు ఎర్కనే లేదక్కా అన్నాడు. నాకూ తెలియదన్నాను.

ఒక్కడే పోయాడు. మడత పెట్టిన బట్టలు మళ్ళీ దండెం మీద వేశాను.

నవంబర్ 26

తొమ్మిది మంది ఇళ్ళకూ పోవడం మొదలుపెట్టాను. ఈ రోజు రెండు. ఒక ఇంట్లో చాయ్ ఇచ్చారు. ఒక ఇంట్లో, మా పిలగానికేం కాలేదు అన్నారు. మళ్ళీ పోతాను.

డిసెంబర్ 1, సాయంత్రం

జ్యోత్స్న ఈ రోజు పైకి ప్రార్థించింది. ప్రభువా, మా నాయిన కండ్లల్ల బొగ్గు వడకుంట చూడు, ఆమెన్.

అంతే. నేను కళ్ళు తెరిచేసరికి ఆడుకోవడానికి వాకిలి దాటేసింది.